ఒక్క టేకులో వచ్చిన ఏడుపు

నేను డబ్బింగ్ చెబుతానని తెలియగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, ‘ఏ హీరోయిన్‌కి?’ అని. జవాబు విన్నాక వాళ్ల ముఖాలు కాస్త వాడిపోతాయి. ముప్పై రెండేళ్లలో నేను ఎక్కువగా గొంతిచ్చింది చెల్లెళ్లకి, హీరోయిన్ పక్కన నిలబడి నవ్వే స్నేహితురాళ్లకి, బడిపిల్లలకి, మూడు దయ్యాలకి. దయ్యాల విషయంలో నాకు మంచి పేరుంది. మా చర్చిలో అందరికీ ఈ సంగతి తెలుసు, తెలియనట్టే ఉండేవారు. పాస్టర్ గారు మాత్రం ఒకసారి, “సువార్తమ్మా, ఆ పేరు పెట్టుకుని ఈ అరుపులేంటమ్మా?” అని నవ్వారు.

పోయిన ఏడాది పని మానేశాను. అప్పటి నుంచి పంజాగుట్టలో మా ఇంటికి అప్పుడప్పుడు ఆడపిల్లలు వస్తున్నారు, డబ్బింగ్‌లోకి వెళ్లాలనుంది, ఏవైనా చిట్కాలు చెప్పమని. చల్లటి నీళ్లు తాగొద్దు, గాజులు చప్పుడు చేస్తాయి తీసెయ్యాలి, గలగలలాడే బట్టలు వేసుకోకూడదు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. దాన్ని నేను కూడా చాలా ఆలస్యంగా, యాభై దాటాక నేర్చుకున్నాను. అందుకే రాస్తున్నాను.

మాట కంటే ఊపిరి కష్టం

మా స్టూడియో అమీర్‌పేటలో, ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పైన, మూడో అంతస్తులో ఉండేది. కింద కరపత్రాలు పంచేవాళ్లు నన్ను కూడా వదిలేవారు కాదు. “మేడం, డెమో క్లాసుంది, ఫ్రీ” అనేవారు. నన్ను ఇంకా విద్యార్థిని అనుకున్న మనుషులు ఈ లోకంలో వాళ్లే. అందుకని ప్రతిసారీ కరపత్రం తీసుకునేదాన్ని.

పైన రెండు గదులు, మధ్యలో అద్దం. లోపలి గదిలో మైకు, తెర. బయటి గదిలో మిషన్ల ముందు సౌండ్ ఇంజనీర్ యాదగిరి, అతని పక్కన డబ్బింగ్ ఇన్‌చార్జ్‌గా నేను. లోపలున్న ఆర్టిస్టు చెవిలో మాట్లాడటానికి నా దగ్గర ఒక బటన్ ఉండేది. అది నొక్కితే నా గొంతు నేరుగా వాళ్ల హెడ్‌ఫోన్స్‌లోకి వెళుతుంది. వాళ్ల తల లోపల ఎవరో మాట్లాడినట్టే ఉంటుంది. ఈ బటన్ గురించి మళ్లీ చెబుతాను.

తెర మీద మనిషి నోరు ఎప్పుడో కదిలేసింది. దాన్ని మనం మార్చలేం. ఆ కదలిక లోపల ఇమిడేలా మాట చెప్పాలి. మాట ఎవరికైనా వారం రోజుల్లో పట్టుబడుతుంది. ఊపిరి పట్టుబడదు. మనిషి తలుపు తీసి ఎదురుగా నచ్చనివాళ్లను చూస్తే ఊపిరి ఒకలా ఉంటుంది, నచ్చినవాళ్లను చూస్తే ఇంకోలా ఉంటుంది. ఈ తేడా తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాకు దాన్ని నేర్పింది మూర్తి గారు.

మూర్తి గారు తెప్పించిన టీ

మూర్తి గారు నా మొదటి బాస్. తెనాలి మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నేను ఏదైనా పొల్లు మింగేస్తే, “సువార్తా, ఆ అక్షరం నీకేం అపకారం చేసిందమ్మా?” అని అడిగేవారు. నాకొచ్చిన పనిలో ముప్పాతిక భాగం ఆయన పెట్టిన భిక్షే. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత చెప్పబోయేది విని మీరు ఆయన్ని రాక్షసుణ్ణి చేసేయకుండా.

నాకు ఇరవై మూడేళ్లప్పుడు ఒక సీరియల్‌లో తల్లి పోయిన పిల్లకు గొంతివ్వాలి. ఏడుపు రావడం లేదు. పదకొండు టేకులయ్యాయి. అప్పుడు ఆయన బటన్ నొక్కి నెమ్మదిగా అన్నారు, “సువార్తా, ఇన్నాళ్లూ మొహమాటానికి చెప్పలేదు. నీ గొంతులో ఏమీ లేదమ్మా. రేపటి నుంచి రాకు. ఈ ఒక్క సీను పూర్తి చేసేసి వెళ్లు.” మా నాన్న అప్పటికి పక్షవాతం వచ్చి మంచాన ఉన్నారు. ఇంట్లో పనికి వెళుతున్నది నేనొక్కదాన్నే. నేను ఏడ్చాను. టేకు ఓకే అయింది. బయటికొస్తే ఆయన టీ తెప్పించి పెట్టారు. “అబద్ధమమ్మా, ఏడుపు కోసం అన్నాను” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ కథను నేను పాతికేళ్ల పాటు నవ్వు తెప్పించేలా చెప్పాను. మూర్తి గారి గొంతు అనుకరిస్తూ, చివర్లో టీ తాగినట్టు నటిస్తూ. ఆ తర్వాత నెల రోజుల పాటు ఆ మెట్లెక్కేటప్పుడల్లా నిజంగానే ఈ రోజుతో ఆఖరేమో అనుకునేదాన్నన్న ముక్క మాత్రం కథలో ఉండేది కాదు. నవ్వు చెడిపోతుంది కదా.

ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. కుర్చీతో పాటు పద్ధతీ వచ్చింది. ఒకమ్మాయికి నిశ్చితార్థం చెడిపోయిన సంగతి గుర్తుచేశాను. ఒకావిడ చేత చిన్నప్పుడు తప్పిపోయిన రోజు గురించి చెప్పించాను. ఎవరికి ఎక్కడ నొక్కితే నీళ్లొస్తాయో కనిపెట్టడం నాకు ఒక సరదా అయిపోయింది. ఊళ్లో పేరొచ్చింది. ‘ఏడుపు కావాలంటే సువార్తమ్మ దగ్గరికి పంపండి’ అనేవారు. నేను దాన్ని బిరుదులా మోసుకు తిరిగాను.

బిస్కెట్లు తెచ్చే విలన్

రెండేళ్ల కిందట హరీష్ అనే అబ్బాయి షార్ట్ ఫిల్మ్ పట్టుకుని వచ్చాడు. ఇరవై ఏడేళ్లుంటాయి. కాకినాడ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికొచ్చి, శనాదివారాలు సినిమా తీసుకుంటున్నాడు. ముఖంలో నిద్రలేమి, మాటలో ‘ఫిల్మ్ ఫెస్టివల్’ అనే పదం. ఇలాంటి పిల్లలు వారానికి ఒకరొస్తారు. లాప్‌టాప్ తెరిచి, “మేడం, మీరు జస్ట్ చూడండి” అంటారు. నేను చూస్తూ మనసులో ఆ రోజు కూరగాయలు ఏం కొనాలో అనుకుంటాను.

ఈసారి కూరగాయలు గుర్తురాలేదు.

ఇరవై రెండు నిమిషాల ఫిల్మ్ అది. చదువు ఎక్కక, ఇంట్లో తల్లితో పడక, ఎవరితోనూ మాట్లాడని పదహారేళ్ల పిల్ల. ఆమెకు పాఠాలు చెప్పే ట్యూషన్ మాస్టారు. ఆయన తిట్టడు, కొట్టడు, చెయ్యి కూడా తగిలించడు. మాట్లాడతాడంతే. “మీ అమ్మ అలసిపోయి ఉంటుంది, నీ మాట ఆవిడకు పట్టదు, నాకు చెప్పు” అంటాడు. “నీ స్నేహితురాలు నీ గురించి ఏమందో నేను చెప్పను, నువ్వు బాధపడతావు” అంటాడు. ఒక్కొక్కరినే ఆమెకు దూరం చేస్తాడు. చివరికి ఆ పిల్ల తనంతట తానే, “మా అమ్మకి నేను అక్కర్లేదు సార్” అంటుంది. ఆ మాట కోసమే ఇన్నాళ్లూ ఆగినట్టు ఆయన ఆమెకు మంచినీళ్ల గ్లాసు అందిస్తాడు. అక్కడితో అయిపోతుంది. నాకు కాసేపు గదిలో ఫ్యాన్ తిరుగుతున్నా ఉక్కగా అనిపించింది.

ఆ మాస్టారి వేషం వేసినాయన ప్రసాదరావు గారు, బ్యాంకులో ఆఫీసరు. బెజవాడలో కుర్రతనంలో నాటకాలు వేశారట. తెర మీద ఆయన్ని చూస్తే ఒళ్లు జలదరించేది. మనిషి మాత్రం డబ్బింగ్ గదిలోకి రావడానికి కూడా, “రావచ్చాండీ?” అని అడిగేవారు. రోజూ బిస్కెట్ ప్యాకెట్ తెచ్చి అందరికీ పంచేవారు. ఒక భయంకరమైన డైలాగ్ చెప్పేసి, హెడ్‌ఫోన్స్ తీసి, “అమ్మా శ్రావణీ, నా మీద ఏమీ అనుకోకమ్మా, రాసింది ఆ బాబు” అనేవారు. యాదగిరి అద్దం ఇవతల ముసిముసిగా నవ్వేవాడు. “గీ సార్ విలన్ ఏందక్కా, గీయనకే ఎవరన్న ధైర్యం జెప్పాలె” అనేవాడు.

శ్రావణి అంటే ఆ పిల్ల వేషం వేసిన అమ్మాయి. కృష్ణానగర్‌లో ఉండేది. వాళ్లమ్మ లక్ష్మి సీరియళ్లకు బట్టల విభాగంలో పనిచేసేది. శ్రావణికీ పదహారే. ఇంటర్ రెండో ఏడాదికి కాలేజీ మానేసి ఇంట్లో ఉంది. గోళ్లు కొరికేది. అడిగినదానికి ఒక్క మాటలో జవాబిచ్చేది. హరీష్ ఆమెను షూటింగ్ స్పాట్‌లో తల్లి కోసం ఎదురుచూస్తుంటే చూసి తీసుకున్నాడట. ఆ చూపుకి అతణ్ణి మెచ్చుకోవాలి. పిల్ల అసలు నటించినట్టే ఉండదు.

ఆ బటన్

డబ్బింగ్ నాలుగు రోజులు చక్కగా సాగింది. చివరి సీను దగ్గర ఆగింది. ‘మా అమ్మకి నేను అక్కర్లేదు సార్’ అనేది ఏడుస్తూ చెప్పాలి. శ్రావణి దాన్ని బస్సు నంబరు చెప్పినట్టు చెబుతోంది. హరీష్ జుట్టు పీక్కుంటున్నాడు.

“మేడం, మీ దగ్గరికి వచ్చిందే దీని కోసం” అన్నాడు.

ఆ మాటకు నేను పొంగిపోయాను. దాచడం దేనికి.

పిల్లను కిందకి తీసుకెళ్లి మిర్చిబజ్జీ తినిపించాను. నా పిల్లల గురించి, నా మోకాళ్ల గురించి చెప్పాను. నా దయ్యాల్లో ఒకదాని నవ్వు నవ్వి చూపిస్తే బజ్జీల బండి ఆయన ఉలిక్కిపడ్డాడు. శ్రావణి మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వింది. అప్పుడు అడిగాను, ఇంట్లో ఎలా ఉంటుందమ్మా అని. ఆమె బజ్జీ కాగితాన్ని చిన్నగా మడుస్తూ చెప్పింది.

“మా అమ్మ యాక్టింగ్ కోసమే వచ్చింది ఆంటీ గీ ఊరికి. నేను కాలేజీ మానేసిననాడు మస్తు లొల్లి అయ్యింది. అప్పుడన్నది, నువ్వు పుట్టకపోతే నేను ఏదో ఒకటి అయితుంటి అని.”

“కోపంలో అనుంటుందిలే” అన్నాను.

“ఏమో” అంది. “ఎవ్వరికి చెప్పలే నేను. మీకే చెప్తున్న. స్వప్నకు సుత చెప్పలే.”

స్వప్న ఎవరంటే చెప్పింది. టెన్త్ దాకా కలిసి చదువుకున్న పిల్ల, ఇప్పుడు అమీర్‌పేటలోనే ఒక లేడీస్ హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు చేస్తోంది. నేను తల నిమిరాను. ఆ నిమరడంలో ప్రేమ లేదని అనలేను. కానీ నా చెయ్యి తల మీద ఉండగానే నా బుర్ర లెక్క వేసుకుంది, దొరికిందని.

పైకి వెళ్లాం. శ్రావణి మైకు ముందు నిలబడింది. నేను బటన్ నొక్కాను.

“శ్రావణీ” అన్నాను, మూర్తి గారంత నెమ్మదిగా. “నేను ఆలోచించాను. మీ అమ్మ కోపంలో అనుంటుందని అన్నాను కదా. కాదేమోనమ్మా. నిజంగానే అనుకుని అనుంటుంది. నువ్వు లేకపోతే ఆవిడ బాగుండేది.”

యాదగిరి నా వైపు తిరిగాడు. నేను చేత్తో సైగ చేశాను, రికార్డు చెయ్యమని.

ఆ టేకు నేను నా జీవితంలో విన్నవాటన్నిటిలోకీ గొప్పది. మాట మధ్యలో విరిగి, ‘అక్కర్లేదు’ దగ్గర గొంతు పూర్తిగా పోయి, ‘సార్’ అన్నది ఊపిరిగా మాత్రమే వచ్చింది. తెర మీద పెదవులకు అతికినట్టు సరిపోయింది. హరీష్ లేచి నిలబడి నా చేతులు పట్టుకున్నాడు. గోడ పక్కన కూర్చున్న ప్రసాదరావు గారు మాత్రం చేతిలో బిస్కెట్ ప్యాకెట్ అలాగే పట్టుకుని నేలకేసి చూస్తున్నారు.

శ్రావణి హెడ్‌ఫోన్స్ తీసి జాగ్రత్తగా కొక్కేనికి తగిలించింది. బయటికొచ్చింది. నేను తెప్పించిన టీ బల్ల మీద ఉంది.

“అబద్ధమమ్మా” అన్నాను నవ్వుతూ. “ఏడుపు కోసం అన్నాను.”

ఆమె టీ వైపు చూడలేదు. “మీరు సుత గా సార్ లెక్కనే ఆంటీ” అంది. “ముందుగాల మంచిగ మాట్లాడిండ్రు.”

చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. కాసేపటికి నేనే అన్నాను, “చిన్నపిల్ల కదా, రేపటికి మామూలైపోతుంది” అని. ఆ టీ నేనే తాగాను.

లక్ష్మి పక్కన, ఆటోలో

మర్నాడు పొద్దున పదకొండైనా శ్రావణి రాలేదు. ఇంకా రెండు చిన్న సీన్లున్నాయి. ఫోన్ స్విచాఫ్. ఆపైన లక్ష్మి నాకు ఫోన్ చేసింది.

“అక్కా, మా పాప పొద్దుగాలనే స్టూడియోకని పోయింది. జర ఫోన్ ఇయ్యరా? ఇంట్ల తన బట్టలు కనవడ్తలేవు. నాకు గుబులైతుంది.”

ఇక్కడికి రాలేదని చెప్పాను. అవతల ఊపిరి ఒక్కటే వినిపించింది. ముప్పై రెండేళ్లుగా ఊపిర్లు వింటూ బతికినదాన్ని, ఆ ఊపిరి ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆటో చేసుకుని కృష్ణానగర్ వెళ్లాను. లక్ష్మి సందు చివర నిలబడి ఉంది. మెళ్లో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, పని మధ్యలో వచ్చేసినట్టుంది. నాకు తెలిసిన ఒకే ఒక్క ఆచూకీ స్వప్న. అమీర్‌పేటలో హాస్టల్ అనగానే లక్ష్మి ఆటో ఎక్కేసింది. హాస్టల్ పేరు తెలియదు. అమీర్‌పేటలో లేడీస్ హాస్టళ్లు ఎన్నున్నాయో అక్కడ తిరిగినవాళ్లకు తెలుసు. పాత క్లాసు పిల్లలకు ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేస్తూ లక్ష్మి కనుక్కుంటోంది. పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ ఆగింది.

చెప్పాలి. చెప్పకపోయినా ఆ పిల్ల దొరకొచ్చు. దొరికాక ఆమే చెబుతుంది. లేదా ఎప్పటికీ చెప్పదు, ఎవరికీ ఏమీ చెప్పని పిల్ల కదా. నాకు బాగా గుర్తున్న పాడు ఆలోచన ఇదే, చెప్పదులే అనుకోవడం.

“లక్ష్మీ” అన్నాను. “నిన్న నేనొక తప్పు చేశాను.”

మొత్తం చెప్పాను. బజ్జీల దగ్గర పిల్ల చెప్పింది, నేను బటన్ నొక్కి అన్నది. ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని ముందున్న బస్సు వెనకభాగం చూస్తూ కూర్చుంది.

“గా మాట నేనన్నదే గదక్కా” అంది చివరికి. “మీరు మైకుల అన్నరు, గంతే.” ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుని, “గని మీకు చెప్పుకున్నది అది. నాకు చెప్పలే. మీకు చెప్పుకున్నది” అంది.



స్వప్న ఉన్న హాస్టల్ దొరికింది, మా స్టూడియోకి రెండు సందుల అవతలే. శ్రావణి అక్కడే ఉంది. వార్డెన్ మమ్మల్ని కింద బెంచీ మీద కూర్చోబెట్టి పైకి కబురు పంపింది. ఆవిడ రిజిస్టర్ తెచ్చి, “వచ్చిన టైము, పోయే టైము రాయండి” అని మా ముందు పెట్టింది. లక్ష్మి వచ్చిన టైము రాసింది. పోయే టైము దగ్గర పెన్ను ఆపి, ఖాళీ వదిలేసింది.

శ్రావణి దిగి వచ్చి ఆఖరి మెట్టు మీదే నిలబడింది. తల్లి లేచి దగ్గరికెళ్లింది. నేను వినకూడదని గేటు దాకా నడిచాను. కానీ నా చెవులు పాడు చెవులు.

“నువ్వు పుట్టకపోతే నేను ఏమైతుంటినో నాకు ఎర్కలేదు బిడ్డా” అంటోంది లక్ష్మి. “గీ సీరియళ్లల్ల ఎన్కాల నిలబడే గుంపుల ఉంటుంటినేమో. గంతకు మించి నా మొఖానికి ఎవ్వలు ఇయ్యకపోదురు. గా మాట కోపంల అన్న. అని పది దినాలాయె, నీతోని ఎట్ల మాట్లాడాల్నో తెల్వక ఊకున్న.”

“కాలేజీకి పోను” అంది శ్రావణి.

“పోకు. ఇంటికన్న రా.”

కాసేపటికి ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. “తప్పు చేశానమ్మా” అన్నాను. ఆమె సరే అనలేదు, పర్లేదు అనలేదు.

“గా టేకు తీసెయ్యుండ్రి” అంది. “మా అమ్మ అన్న మాటకి ఏడ్చిన నేను. సినిమాకి కాదు.”

ఒక బ్యాంకు ఆఫీసరు తిరుగుబాటు

హరీష్ ఒప్పుకోలేదు. అతణ్ణి తప్పుపట్టలేను. రెండేళ్ల కష్టానికి దొరికిన ఒక్క వజ్రం అది.

“మేడం, ఆ ఏడుపు రప్పించింది మీరే కదా” అన్నాడు. “ఇప్పుడు మీరే వద్దంటే ఎలాగండీ? ఆ అమ్మాయికి కూడా మంచి పేరొస్తుంది కదా. కొన్నాళ్లు పోతే తనే సంతోషిస్తుంది.”

ఆ చివరి వాక్యం వినగానే నాకు నా గొంతే వినిపించింది. కొత్తగా చేరినవాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో ఆ మాట. నేను వాదించాను, బతిమాలాను, నా పేరు టైటిల్స్‌లో వేయొద్దన్నాను. నా పేరు ఉండదన్న బెదిరింపుకి అతను పెద్దగా చలించలేదు. అది కూడా మంచి పాఠమే.

అప్పుడు ప్రసాదరావు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన చెప్పాల్సిన డైలాగులు ఇంకా సగం సీను మిగిలున్నాయి.

“బాబూ హరీష్, ఒక మాట చెప్పవచ్చా?” అన్నారు. “ఆ మాస్టారి మాటలన్నీ నాకు కంఠతా. ముందు చనువు, తర్వాత అనుమానం, ఆ తర్వాత గ్లాసుడు నీళ్లు. నువ్వే రాశావు. అలాంటివాడు చెడ్డవాడని చెప్పడానికే కదా ఈ సినిమా. ఆ పిల్లను అదే పద్ధతిలో ఏడిపించి, ఆ ఏడుపును ఇందులో పెడితే, మనం చెబుతున్నదేంటి? ఆ టేకు ఉంటే మిగతాది నేను చెప్పనండీ.”

ఆయన ముఖం ఎర్రబడింది. వెంటనే, “గట్టిగా మాట్లాడుంటే క్షమించాలి” అని మళ్లీ కూర్చున్నారు. ఆయన గొంతు అసలు లేవనే లేదు.

హరీష్ బయట బాల్కనీలో అరగంట నిలబడి వచ్చాడు. వచ్చి, “తీసేద్దాం” అన్నాడు. అతని కళ్లు చూసి నాకు జాలేసింది. మంచివాడు కావడం ఆ రోజు అతనికి చాలా ఖరీదైంది, నాకులా ఊరికే రాలేదు.

రెండు రోజుల తర్వాత శ్రావణి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. టేకు తానే తీసేస్తానంది. యాదగిరి కుర్చీ ఖాళీ చేసి, “గిది నొక్కు బిడ్డా” అని చూపించాడు. ఆమె నొక్కింది. ఖాయమేనా అని కంప్యూటర్ అడిగింది. ఆ మాత్రం మర్యాద నాకు లేకపోయింది. ఆమె మళ్లీ నొక్కింది.

తర్వాత ఆ సీను తిరిగి చెప్పింది. లక్ష్మి ఇవతల గదిలో నా పక్కనే కూర్చుంది. ఈసారి నేను ఏడుపు అడగలేదు, ఊపిరి ఒక్కటే చెప్పాను. ‘అమ్మకి’ దగ్గర కొంచెం ఆగు, ‘నేను’ ముందు గాలి మింగు, ‘సార్’ అనేటప్పుడు ఆయన వైపు చూడకు. ముప్పై రెండేళ్ల కిందట మూర్తి గారు నాకు నేర్పిన విద్య అంతా ఇదే. ఆయన దీంతోనే ఆగి ఉండవచ్చు. నేనూ ఆగి ఉండవచ్చు. తొందర ఎక్కువై దగ్గరి దారి పట్టుకున్నాం.

రెండో టేకు మొదటిదానికంటే గొప్పగా వచ్చిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. రాలేదు. బాగా వచ్చింది, అంతే. పోయిన టేకులో ఉన్నది ఇందులో లేదు. ఫిల్మ్‌లో ఉన్నది ఈ రెండోదే. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఇది. మనుషుల్ని సరిగ్గా చూసుకుంటే పని దానంతటదే మెరుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒక్కోసారి పని కాస్త తగ్గుతుంది. తగ్గనివ్వండి.

చిన్న హాలు

నాలుగు నెలలకు పంజాగుట్టలో ఒక చిన్న హాలు తీసుకుని హరీష్ ఫిల్మ్ వేశాడు. ఎనభై మంది దాకా వచ్చారు. ప్రసాదరావు గారు తన భార్యను తీసుకొచ్చారు. ఫిల్మ్ అయ్యేసరికి ఆవిడ ఆయనకు కాస్త దూరంగా జరిగి కూర్చున్నారు. అంతకంటే మంచి ప్రశంస ఏముంటుందని నేనాయన్ని ఏడిపించాను. “ఇంటికెళ్లాక చూడాలండీ” అన్నారు దిగులుగా.

తర్వాత ప్రశ్నలు. హరీష్‌ను చాలా మెచ్చుకున్నారు. కెమెరా గురించి, మౌనం గురించి అడిగారు. ముందు వరసలో సినిమాల గురించి రాసే ఒకాయన లేచి మైకు తీసుకున్నారు. అంతా బాగుందని, అమ్మాయి సహజంగా చేసిందని అన్నారు. ఆపైన శ్రావణి వైపు తిరిగారు.

“చివరి డైలాగ్ దగ్గర మాత్రం నువ్వు ఏడుస్తావనుకున్నానమ్మా. ఇంకాస్త ఏడ్చి ఉంటే మమ్మల్ని కూడా ఏడిపించేదానివి. ఎందుకు ఏడవలేదు?”

మైకు చేతులు మారి మూడో వరసలో కూర్చున్న శ్రావణి దగ్గరికి వెళ్లింది. ఆమె దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకోలేదు. అంతదూరం చాలని ఆమెకు తెలుసు.

“ఏడ్చిన సార్” అంది. “గా ఏడుపు నా దగ్గరనే ఉంచుకున్న.”

హాలంతా నవ్వింది. పిల్ల చమత్కారి అనుకున్నారు. అడిగినాయన కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టారు. నవ్వనివాళ్లం ఐదుగురమే. హరీష్, యాదగిరి, ప్రసాదరావు గారు, నేను, శ్రావణి పక్కన కూర్చున్న లక్ష్మి. లక్ష్మి కూతురి చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుని, వెనక వరసలో ఎవరికో అందించి, ఆ చెయ్యిని మళ్లీ తన చేతిలోకి తీసుకుంది.